మా నాన్న సముద్రంలో చేపలు

ఏప్రిల్ 15 వచ్చిందంటే మా జువ్వలదిన్నె తీరంలో ఇంజను పడవలన్నీ వరసగా ఒడ్డెక్కేస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. మగవాళ్ళు నీడ చూసుకుని కూచుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పిల్లలకీ బడి సెలవులు అప్పుడే. కావలిలో సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేదాన్ని గనక, పుట్టింటికి పోవాలంటే నాకూ అదే అదను.

కిందటి వేసవిలో అలాగే వెళ్ళాను. బిట్రగుంట స్టేషన్‌కి తూర్పున, సముద్రపొడ్డున మా ఊరు. గుమ్మంలో అడుగు పెట్టగానే "అత్తా!" అంటూ ఎగురుకుంటూ వచ్చే మేనకోడలు ఆ రోజు రాలేదు. నట్టింట్లో గోడకానుకుని కూచుని ఉంది. ఏమ్మే, ఏమైందంటే మాట్లాడదు. మా తమ్ముడే చెప్పాడు.

"బళ్ళోకి పోనంటా ఉండాది అక్కా. జూన్‌లో తెరిచినా పోదంట. నువ్వన్నా చెప్పు."

అయిదో తరగతి దాకా ఊళ్ళోనే చదివింది. ఆరులో పట్నంలోని ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేశారు. తెల్లారగట్ల లేచి, జడలు వేసుకుని, స్కూలు బస్సు ఎక్కే పిల్ల. లెక్కల్లో మంచి మార్కులు. అలాంటిది బడే వద్దంటోంది.

ఆ రాత్రి నా పక్కన పడుకున్నాక కాస్త కాస్తగా బయటపడింది. క్లాసులో ఇంగ్లీషు వాక్యాలు ఒక్కొక్కరినీ లేపి తెలుగులో చెప్పమన్నారట. దీని వంతుకి వచ్చిన వాక్యం "మై ఫాదర్ ఫిషెస్ ఇన్ ద సీ." ఇది లేచి నిలబడి గట్టిగా చెప్పింది: "మా నాన్న సముద్రంలో చేపలు."

క్లాసంతా ఒకటే నవ్వు. చెప్పే ఆవిడకీ నవ్వాగలేదట. అప్పట్నించీ దాని పేరు "చేపల నాన్న కూతురు." బస్సులోనూ అదే పిలుపు, భోజనాల దగ్గరా అదే.

"మా నాయన నిజంగా చేపలే పడతాడు గదత్తా. అందుకని ఇంకా నవ్వినారు," అంది దుప్పట్లో మొహం దాచుకుని.

నా కథా ఇలాంటిదే

నాకు నిద్ర పట్టలేదు. నా పదో తరగతి గుర్తొచ్చింది.

1991లో పదో తరగతి పరీక్ష రాశాను. మాకు చదువు చెప్పినాయన ఒక జాబితా బట్టీ వేయించాడు. పేరును తెలిపేది నౌను, పనిని తెలిపేది వెర్బు. బుక్, టేబుల్, వాటర్, హ్యాండ్ నౌన్లు. గో, కమ్, ఈట్, స్లీప్ వెర్బులు. నేను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తీరా పరీక్షలో "దే బుక్ ద టికెట్స్" అనే వాక్యం ఇచ్చి, అందులో వెర్బు ఏదన్నారు. నేను ఎంత వెతికినా వెర్బు కనపడలేదు. "దే" అంటే వాళ్ళు. "బుక్" అంటే పుస్తకం, ఖాయంగా నౌను. "టికెట్స్" సరేసరి. వెర్బు లేదని రాసి వచ్చాను!

ఆ ఒక్క ప్రశ్న వల్లే ఫెయిలయ్యానని చెప్పను. ఇంకా చాలా తప్పులు చేసే ఉంటాను. కానీ ఇంగ్లీషు పోయింది. ఇంట్లో వాళ్ళు "ఆడపిల్లకి ఇంత చాల్లే" అన్నారు. ఏడాది తిరక్కుండా పెళ్ళయిపోయింది. ఆ పరీక్ష మళ్ళీ కట్టి పాసయ్యి, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. పూర్తి చేసేసరికి నా చిన్నకొడుకు బడికి పోతున్నాడు. "బుక్" అనే మాట నౌనూ అవుతుంది, వెర్బూ అవుతుంది అని నాకు మొదటిసారి అర్థమైంది రైల్వే స్టేషన్లో. "టికెట్ బుక్ చేశారా?" అని మా ఆయన్ని ఎవరో అడిగారు. ఆ మాట అంతకు ముందు వందసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

అందుకే మేనకోడలి విషయం నాకు చిన్నదిగా తోచలేదు. ఒక్క మాట తెలియకపోతే వచ్చే నష్టం ఒక్క మార్కే. దానికి జతపడే సిగ్గుంది చూశారూ, అది చదువునే మింగేస్తుంది.

తప్పు ఎక్కడ జరిగింది?

పొద్దున్నే ఇద్దరం సముద్రం వైపు నడిచాం. మా తీరాన ఇప్పుడు ఫిషింగ్ హార్బరు కట్టారు. ఆ మాట పిల్లలకి నోటికి వచ్చు.

"ఫిషింగ్ హార్బరు అంటే ఏందమ్మే?"

"వేటకి పోయే పడవలు ఆగే చోటు."

"మరి ఫిషింగ్ అంటే?"

"వేట. చేపలు పట్టడం."

"సరే, ఫిషింగ్‌లో చివర ఉండే ఇంగ్ తీసెయ్. ఏం మిగిలింది?"

"ఫిష్," అంది. అని ఆగిపోయింది. దాని మొహంలో ఏదో కదిలింది. "అంటే... ఫిష్ అంటే చేపలు పట్టడం కూడానా అత్తా?"

అంతే విషయం. ఇంగ్లీషులో "ఫిష్" అంటే చేప, "ఫిష్" అంటే చేపలు పట్టడం కూడా. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు నౌనుకి "ఎస్" చేరిస్తే చాలా చేపలు అవుతాయి. వెర్బుకి అదే "ఎస్" చేరిస్తే ఒకే మనిషి చేసే పని అవుతుంది. "ఫిషెస్" అంటే రకరకాల చేపలు అనీ అనుకోవచ్చు, "అతను చేపలు పడతాడు" అనీ అనుకోవచ్చు. మా పిల్ల మొదటిది అనుకుంది.

అనుకుంటే అనుకుంది, వాక్యంలో క్రియ లేదేమిటా అని దానికెందుకు అనుమానం రాలేదు? అందులోనే అసలు సంగతి ఉంది. మన తెలుగులో క్రియ లేకుండానే వాక్యం హాయిగా నిలబడుతుంది. "మా నాన్న మేస్త్రి." "అది మా ఇల్లు." "ఆమె మంచిది." వీటిల్లో క్రియ ఎక్కడుంది? ఇవే మాటలు ఇంగ్లీషులో చెప్పాలంటే "ఈజ్" అనేది పెట్టి తీరాలి. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి క్రియ లేని వాక్యం వింతగా తోచదు. "మా నాన్న సముద్రంలో చేపలు" అన్నప్పుడు అది తెలివితక్కువై అనలేదు. తెలుగు బాగా వచ్చి అంది. 1991లో నేను "వెర్బు లేదు" అని రాసిందీ ఆ తెలుగు తలతోనే.

ఇంగ్లీషు వాక్యానికి మాత్రం క్రియ లేకపోతే కుదరదు. కాబట్టి మామూలు వాక్యంలో క్రియ ఎక్కడా కనపడకపోతే, పేర్లలాగా కనపడే మాటల్లోనే ఏదో ఒకటి క్రియ వేషం వేసుకుని ఉందన్నమాట. దాన్ని పట్టుకోవాలి. "దే బుక్ ద టికెట్స్"లో "బుక్" అలా దొరికిపోతుంది. ఈ చిన్న కిటుకు నాకు అప్పుడెవరైనా చెప్పి ఉంటే!

అమ్మ గంప పాఠం

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద కూచుని ఉంది. డెబ్బై దాటాయి. నిన్న మొన్నటి దాకా చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. బళ్ళో చదువుకోలేదు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరదీపం పేరుతో పెద్దవాళ్ళకి చదువు చెప్పారు చూడండి, అప్పుడు రాత్రిపూట లాంతరు ముందు కూచుని అక్షరాలు దిద్దింది. సంతకం చేస్తుంది. బస్సు బోర్డు చదువుతుంది. ఇంగ్లీషు ముక్క రాదు.

సంగతంతా విని, "చేప అనే మాటకే చేపలు పట్టడం అనా? అట్టెట్ట తెలస్తాది మే? ఒక మాట రెండు పనులు చేస్తే ఎప్పుడు ఏదో ఎట్ట చెప్పేది?" అంది.

"అది వాక్యంలో ఎక్కడ కూచుందో దాన్ని బట్టి తెలుస్తుందమ్మా. ముందు మనిషి, తరవాత పని, ఆ తరవాత తక్కినవి. పని ఉండాల్సిన చోట కూచుంటే పని. పేరు ఉండాల్సిన చోట కూచుంటే పేరు."

అమ్మ కాసేపు ఆలోచించింది. మూలన బోర్లించి ఉన్న గంప వైపు చెయ్యి చూపించింది.

"ఇదీ అంతే గదా. నెత్తిన పెట్టుకుంటే బరువు. సంతలో దించితే అంగడి. ఇంట్లో బోర్లిస్తే కోడిపిల్లలకి గూడు. గంప మారిందా? పెట్టిన చోటు మారింది, అంతే గదా."

మేనకోడలు పకపకా నవ్వింది. నేను ఇన్నేళ్ళుగా ట్యూషన్లు చెబుతున్నాను, ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. అమ్మ అంతటితో ఆపలేదు. "ఇదిగో, మీ అత్త ఈడ కూతురు, ఆడ కోడలు. మనిషి ఒకటే, చోటు వేరు, చాకిరీ వేరు," అంది. ఆ మాట మన ఆడవాళ్ళకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు కదా!

తెలుగులో అలా కాదు. మనకి మాట ఏ మూలన ఉన్నా దాని తోక చూసి పని కనిపెట్టొచ్చు. "నాన్న చేపలు పట్టాడు" అన్నా, "చేపలు పట్టాడు నాన్న" అన్నా, "పట్టాడు నాన్న చేపలు" అన్నా తేడా రాదు. "ఆడు" అనే తోక ఉంది గనక పట్టడమనేది పని అనీ, చేసింది మగవాడనీ, అయిపోయిందనీ ఇట్టే తెలుస్తుంది. పేర్లకి "కి, ని, తో, లో" తోకలు వేరే ఉన్నాయి. ఇంగ్లీషులో తోకలు తక్కువ, అందుకని చోటుకి విలువెక్కువ.

వాళ్ళకీ ఒకప్పుడు తోకలుండేవి

విచిత్రమేమిటంటే ఇంగ్లీషుకీ ఒకప్పుడు తోకలుండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ప్రేమని "లువు" అనేవాళ్ళు, ప్రేమించడాన్ని "లువియన్" అనేవాళ్ళు. మనం "ప్రేమ"కి "ఇంచు" చేర్చుకున్నట్టే అన్నమాట. తరవాత కొన్ని వందల ఏళ్ళలో ఆ చివరలన్నీ పలకడంలో అరిగి అరిగి రాలిపోయాయి. పేరుకీ పనికీ ఒకే ముక్క మిగిలింది. అదే "లవ్." అలా తోకలు పోయాక, ఏ పేరునైనా పట్టుకొచ్చి పని చోట కూచోబెట్టడం ఆ భాషలో తేలికైపోయింది. దీన్ని భాషాశాస్త్రం చదివినవాళ్ళు "కన్వర్షన్" అంటారు.

ఈ పద్ధతి ఇంకా ఆగలేదు. "గూగుల్" అనేది ఒక కంపెనీ పేరు. ఇంటర్నెట్‌లో వెతకడాన్నే "గూగుల్" అనడం మొదలై, 2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి క్రియగా ఎక్కింది.

మరి మనమేం చేస్తాం? మనం ఇంగ్లీషు మాటని తెచ్చుకుని పేరులాగే పక్కన పెట్టుకుంటాం. దానికి మన సొంత క్రియని తోడిస్తాం. ఫోన్ చెయ్యి, బుక్ చెయ్యి, గూగుల్ చెయ్యి, లాక్ వెయ్యి, హారన్ కొట్టు, సెటిల్ అవు. మాట వాళ్ళది, తోక మనది! మేనకోడలికి ఇది చెప్పగానే అదే కనిపెట్టింది: "అత్తా, అయితే ఇంగ్లీషులో మన చెయ్యి, కొట్టు, వెయ్యి తీసేసి ఉట్టి మాట చెప్తే చాలు గదా!" అన్నిసార్లూ కుదరదు గానీ, చాలాసార్లు కుదురుతుంది.

మనకీ ఉన్నాయి జంట మాటలు

"మనకి ఒక్కటి కూడా లేదా అత్తా అట్టాంటి మాట?" అంది. నేను ఆలోచించేలోపే అమ్మకి దగ్గు వచ్చింది. నిజంగానే వచ్చింది, నేను కల్పించడం లేదు! దగ్గి దగ్గి, "ఈ దగ్గు నన్ను చంపుతా ఉండాది" అంది.

దొరికింది. దగ్గు. అది పేరూ, అదే పనీ. "దగ్గు తగ్గింది", "గట్టిగా దగ్గు." ఇంగ్లీషు "కాఫ్" కూడా సరిగ్గా ఇలాగే. ఇక ముగ్గురం పోటీ పడి వెతికాం. తుమ్ము. నవ్వు. ఉమ్ము. కుట్టు: "కుట్టు ఊడింది, మళ్ళీ కుట్టు." కట్టు: "దెబ్బకి కట్టు కట్టు." తిట్టు. వెలుగు. చూపు. ఈ "చూపు" మరీ తమాషా మాట. పేరైతే కంటిచూపు, పనైతే ఇంకొకరికి చూపించడం.

మనకి పేరు వేరుగా, పని వేరుగా ఉండే మాటలే ఎక్కువ. వంట, వండు. పాట, పాడు. నడక, నడుచు. పిలుపు, పిలుచు. ఒక్కోసారి ఆ వేరుగా ఉండటంలో మన బతుకు కనపడుతుంది. "తాగు" అంటే నీళ్ళు తాగు, పాలు తాగు, ఏదైనా కావచ్చు. దాన్ని పేరుగా మార్చి "తాగుడు" అన్నామా, ఆ తాగేది నీళ్ళు కాదని పసిపిల్లకి కూడా తెలుసు. ఇంగ్లీషులో రెంటికీ "డ్రింక్" అనే మాటే. 1992లో మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. రాత్రి బళ్ళలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే దాన్ని నడిపించారు. "తాగుడు" అనే పేరు ఎంత బరువైనదో మా అమ్మ తరానికి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

ఉప్పంటే వెయ్యడం, పొలుసంటే తియ్యడం

మధ్యాహ్నానికి మా తమ్ముడు ఎక్కడినుంచో నాలుగు చేపలు సంపాదించుకొచ్చాడు. మామిడికాయ వేసి పులుసు పెడదామని అమ్మ కత్తిపీట ముందు కూచుంది. పాఠం అక్కడా సాగింది.

పొలుసుని ఇంగ్లీషులో "స్కేల్" అంటారు. చేప పొలుసు గీకడాన్నీ "స్కేల్" అనే అంటారు. పేగులు "గట్స్." వాటిని తీసెయ్యడం "గట్." ముల్లు "బోన్." ముల్లు తీయడం కూడా "బోన్." సరే, అన్నీ తీయడమే అనుకుంటే, "సాల్ట్" క్రియైనప్పుడు ఉప్పు తీయడం కాదు, ఉప్పు వెయ్యడం! "ఆయిల్" అంటే నూనె పూయడం. "బటర్" అంటే వెన్న రాయడం.

"అదేం అడ్డదిడ్డం భాష మే! ఉప్పంటే వెయ్యడమా, పొలుసంటే తియ్యడమా?" అంది అమ్మ, చేతిలో చేప పట్టుకునే.

మొదట నాకూ తిక్కగానే అనిపించింది. నిదానంగా చూస్తే అందులో ఒక లెక్క ఉంది. ఏది వస్తువుకి పుట్టుకతో ఉంటుందో, ఆ పేరు క్రియైతే చాలావరకు తీసెయ్యడమని అర్థం. పొలుసు, తోలు, తొక్క, ముల్లు అలాంటివి. ఏది మనం బయటినుంచి తెచ్చి చేరుస్తామో, ఆ పేరు క్రియైతే చేర్చడమని అర్థం. ఉప్పు, నూనె, వెన్న, మొక్కకి పోసే నీళ్ళు అలాంటివి. "మిల్క్ ద కౌ" అంటే ఆవుకి పాలు పొయ్యడం కాదు, పాలు పితకడం. "డస్ట్" మాత్రం రెండువైపులా దూకుతుంది. బల్లని "డస్ట్" చేస్తే దుమ్ము దులపడం, కేకు మీద పంచదార పొడి "డస్ట్" చేస్తే చల్లడం.

ఇక పనిముట్ల పేర్లయితే వాటితో చేసే పని అవుతాయి. దువ్వెన "కోమ్", దువ్వడమూ "కోమ్". బ్రష్, ఐరన్, హామర్ అన్నీ ఇంతే. వంటమనిషి "కుక్", వండటమూ "కుక్". అందుకే వంటమనిషిని "కుక్కర్" అనకూడదు. అది మన ప్రెషర్ కుక్కర్! ఈ తప్పు నా ట్యూషన్లో ఏడాదికి ఒక్కరైనా చేస్తారు.

బంధుత్వాల సంగతి వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. ఇంగ్లీషులో "మదర్" క్రియైతే తల్లిలాగా సాకడం, ఆలనాపాలనా చూడటం. "ఫాదర్" క్రియైతే ముఖ్యంగా బిడ్డ పుట్టుకకి కారణం కావడం, అంతే! సాకే పని ఆ మాటలో అంతగా వినపడదు. "హజ్బెండ్" క్రియైతే ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవడం. ఇది చెప్పగానే వల కుట్టుకుంటున్న మా తమ్ముడు తలెత్తి, "అందుకేనా అక్కా, నన్ను ఇంత పొదుపుగా వాడుకుంటా ఉండారు, వేట లేని రోజుల్లో కూడా" అన్నాడు. మరదలు పొయ్యి దగ్గర్నించే జవాబు చెప్పింది. ఆ జవాబు ఇక్కడ రాయను లెండి.

పిల్లలకి ఇలా చెప్పి చూడండి

ఇంగ్లీషు రాని తల్లులు "మాకేం తెలుసు, స్కూల్లో చెప్తారు" అని తప్పుకుంటూ ఉంటారు. అలా తప్పుకోవద్దు. ఇందులో సగం విషయం మీ వంటింట్లోనే ఉంది. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని ఈ నాలుగూ చెప్పి చూడండి.

ఒకటి: మాటని ఒంటరిగా బట్టీ వేయించకండి. "బుక్ అంటే పుస్తకం" అని నేర్పితే నాలాగే చిక్కుకుంటారు. రెండు చిన్న వాక్యాలు పక్కపక్కన పెట్టి నేర్పండి. "దిస్ ఈజ్ మై బుక్." "ఐ బుక్ ఎ టికెట్."

రెండు: మాటకి ముందు ఏముందో చూడమనండి. "ఎ, ది, మై, హిజ్" లాంటివి ఉంటే తరవాత రాబోయేది పేరు. "టు, విల్, కెన్" లాంటివి ఉంటే సాధారణంగా పని. "ఎ వాక్" అంటే ఒక నడక. "టు వాక్" అంటే నడవడం.

మూడు: వాక్యంలో క్రియ కనపడకపోతే "లేదు" అనుకోవద్దని చెప్పండి. ఏ పేరు క్రియ వేషంలో ఉందో వెతకమనండి. పిల్లలకి ఇది దొంగా పోలీసు ఆటలాగా ఉంటుంది.

నాలుగు: కొన్ని మాటలు రాయడంలో ఒకటే, పలకడంలో వేరు. "యూస్" అంటే ఉపయోగం, "యూజ్" అంటే ఉపయోగించడం. స్పెల్లింగు ఒక్కటే. "రికార్డ్" అనేది పేరైతే మొదటి భాగాన్ని నొక్కి పలుకుతారు, పనైతే రెండో భాగాన్ని. వింటూ ఉంటే అదే అలవాటవుతుంది.

అన్నిటికంటే ముందు, పిల్లలు తప్పు చెప్పినప్పుడు నవ్వకండి. ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. చాలాసార్లు అది మన తెలుగులోనుంచే వచ్చి ఉంటుంది. అప్పుడు దాన్ని సరిదిద్దడం నిమిషం పని.

వేట మొదలైంది

వారం రోజులున్నాను. మేనకోడలు ఒక పాత నోట్‌బుక్కులో జంట మాటలు రాసుకోవడం మొదలుపెట్టింది. ఎడమవైపు పేరు, కుడివైపు పని. నెట్, బోట్, శాండ్, సాల్ట్, వాటర్. ఏది చూసినా "ఇది వెర్బవుతుందా అత్తా?" అని ప్రాణం తీసింది. కొన్నిటికి నాకూ జవాబు తెలీక డిక్షనరీ తీశాను. "శాండ్" క్రియైతే ఉప్పుకాగితంతో చెక్కని నున్నగా చెయ్యడమని ఆ రోజే తెలిసింది నాకు.

బయల్దేరే ముందు రోజు దాన్ని అడిగాను, "ఆ వాక్యం ఇప్పుడు చెప్పమ్మే" అని.

"మా నాన్న సముద్రంలో చేపలు పడతాడు," అంది. ఒక్క క్షణం ఆగి, "క్లాసులో మళ్ళీ ఎవరన్నా నవ్వితే, దగ్గు నౌనా వెర్బా అని అడుగుతా వాళ్ళని" అంది.

జూన్ రెండో వారంలో తమ్ముడు ఫోన్ చేశాడు. పడవకి రంగు వేసుకున్నారట, నిషేధం అయిపోగానే వేటకి పోతున్నారట. అదంతా చెప్పాక, నేను అడక్కముందే అన్నాడు.

"అది పొద్దున బస్సెక్కింది అక్కా. ఆ నోట్‌బుక్కు కూడా సంచిలో పెట్టుకుంది."